సోమవారానికి ముందు ఆకుకూర మానేసినవాళ్లు

ఎర్మితాస్ మా కొండ ఊరు కాస్త్రమౌరెలో మందుల షాపు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఊరికంతటికీ అదొక్కటే షాపు, ఆమె ఒక్కతే ఫార్మసిస్టు. నాలుగు రోజులు ఊరు వదలాలంటే పట్టా ఉన్న ఇంకొకర్ని తన కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లాలి. అది రూలు. చలికాలంలో మా కొండల్లోకి వచ్చి కూర్చునే పిచ్చివాళ్లు ఎవరున్నారు?

ఆమె కుడి మోకాలు అరిగిపోయి నాలుగేళ్లు దాటింది. లూగో పట్నంలోని ఆసుపత్రి ఆపరేషన్‌కి రెండుసార్లు తేదీ ఇచ్చింది. రెండుసార్లూ బదులు మనిషి దొరక్క ఆమె వెళ్లలేదు. ఈసారీ రాకపోతే పేరు వరసలో చివరికి పోతుందని చెప్పేశారు. ఈసారి మనిషి దొరికింది. కొత్తగా చదువు ముగించిన నోవా అనే అమ్మాయి మూడు వారాలు ఉంటానని ఒప్పుకుంది. ఆపరేషన్ బుధవారం. సోమవారం పొద్దున అమ్మ దగ్గుమందు కోసం వెళ్లి, జరిగిందంతా నా కళ్లతో చూశాను.

సోమవారం అంటే వేలు గుచ్చే రోజు. రక్తాన్ని పల్చగా ఉంచే మాత్ర వేసుకునేవాళ్లు మా ఊళ్లో పదకొండు మంది. ఎర్మితాస్ వేలు గుచ్చి, చుక్క రక్తం పట్టీ మీద వేస్తుంది. మిషన్ ఒక అంకె చూపిస్తుంది. అంకె తక్కువైతే రక్తం గడ్డ కడుతుంది, ఎక్కువైతే లోపలెక్కడో కారుతుంది. డాక్టరు మంగళవారం, గురువారం మాత్రమే వస్తాడు. ఆయన ఒప్పుకున్న పట్టిక ప్రకారం ఏ రోజు అర మాత్రో, ఏ రోజు ముప్పావో కార్డు మీద రాసేది ఎర్మితాసే. అంకె సరిగ్గా ఉంటే “పాస్!” అని గట్టిగా అంటుంది. లేకపోతే కుర్చీల్లో ఉన్నవాళ్లంతా కలిసి ఏడిపిస్తారు. రెండేళ్లుగా ఇదే వేడుక.

డెల్ఫిన్ ఒక్కసారి కూడా ఫెయిలవలేదు. ఎనభై ఏళ్ల మనిషి, గుండెలో ఇనప కవాటం. అక్కడ గడ్డ కడితే తిన్నగా మెదడుకే పోతుంది.

ఆ సోమవారం ఆయన అంకె మూడు దగ్గర ఉండాల్సింది, ఐదు దాటింది. ఎర్మితాస్ ఇంకో వేలు గుచ్చింది. మళ్లీ ఐదే.

“ఏం వేసుకున్నావు బాబాయ్? యాంటీబయాటిక్ ఏమైనా?”

“లేదు.”

“ఒంటి మీద ఎక్కడైనా కమిలిందా?”

“పరువు కమిలింది. ఇందరి ముందు ఫెయిల్ చేశావు.”

“తాగావా?”

“నువ్వు పోలీసువా, మందుల షాపుదానివా?”

కుర్చీలన్నీ నవ్వాయి. ఎర్మితాస్ పట్టిక చూసుకుంది. ఈ రోజుకి మాత్ర ఆపి, రేపటినుంచి తగ్గించాలి. రాయబోతుంటే డెల్ఫిన్ భార్య బల్బీనా కౌంటరు మీదికి వంగింది.

“ఫెయిలెలా అవుతాడమ్మా? వారం రోజులుగా ఈయన్ని ఆకుకూర ముట్టనిస్తే ఒట్టు!”

పెన్ను ఆగింది. “వారం రోజులా?”

“ఎప్పుడూ శుక్రవారం నుంచి ఆపేదాన్ని. నువ్వు ఆపరేషన్‌కి పోతున్నావు కదా, మంచి మార్కు చూసి మనశ్శాంతిగా పోతావని ఈసారి వారం ముందే ఆపాను. ఒట్టి బంగాళాదుంపలే పెట్టాను. ఈయన ఏడ్చినంత పని చేశాడు.”

“మిగతా రోజుల్లో?”

“మిగతా రోజుల్లో తింటాడు. గ్రెలోస్ కాలంలో తినకపోతే ఇంకెప్పుడు తింటాడు? రెండు పూటలా అదే.”

గ్రెలోస్ అంటే టర్నిప్ మొక్కకి చలికాలంలో వచ్చే చేదాకు. అది లేని చారు మా ఊళ్లో చారే కాదు. ఆ ఆకు ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. రోజూ ఒకేలా తింటే బాధ లేదు, దానికి తగ్గట్టు మాత్ర రాసుకోవచ్చు.

ఎర్మితాస్ కుర్చీల వైపు తిరిగింది. “మీరు?”

షెనెరోసా అనే ముసలామె నోరు విప్పింది. “అందరం అంతే కదా. పరీక్షంటే సిద్ధపడి రావద్దూ?”

ఈసారి ఎర్మితాస్ నవ్వలేదు. ఆకు మానేసిన రక్తాన్ని చూసి, ఆకు తినే మనుషులకి రెండేళ్లు మాత్రలు రాసింది. వారంలో నాలుగు రోజులు వాళ్లందరి రక్తం కార్డు చెప్పినదానికంటే చిక్కగా ఉంది. ఇంకా ఎవరూ పోలేదంటే అది అదృష్టమే. ఆకుతో జాగ్రత్త అని మొదటిరోజు చెప్పింది తనే, పాస్ అని అరిచిందీ తనే.

“నాతో అబద్ధమాడారు,” అంది మెల్లగా.

“అబద్ధం ఎవరాడారు?” బల్బీనా గయ్యిమంది. “నువ్వెప్పుడైనా అడిగావా?”

ఎర్మితాస్ డాక్టరుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. ఈ రోజుకి డెల్ఫిన్ మాత్ర ఆపమన్నాడు. మామూలు తిండి మొదలుపెట్టాక రెండు రోజులకోసారి చూడాలి, మిగతా పదిమందికీ లెక్క మళ్లీ మొదలుపెట్టాలి అన్నాడు. “కొత్తమ్మాయి చూసుకుంటుందిలే, మీరు వెళ్లండి.”

“కొత్తమ్మాయి దగ్గర వీళ్లు ఇంకా ఎక్కువ చదువుకుని వస్తారు,” అంది ఎర్మితాస్.

“వెళ్లు పిల్లా,” అన్నాడు డెల్ఫిన్. “నేను పోతే పోతాను, ఆ అమ్మాయే కార్డు మీద రాసుకుంటుంది.”

“నోరు ముయ్ బాబాయ్.”

ఆమె మోకాలు నొక్కుకుంటూ మళ్లీ ఫోనందుకుంది. ఆపరేషన్‌కి రావట్లేదని ఆసుపత్రికి ఒక ఫోన్, ఇక రానక్కర్లేదని నోవాకి ఒక ఫోన్. అంతే. గొప్ప త్యాగం చేస్తున్న మొహమేం పెట్టలేదు. తలుపు తన మీదే మూసుకుపోయినదానిలా కనపడింది. నాకు ఒళ్లు మండింది. పదకొండు మందిలో ఒక్కరు కూడా క్షమించమనలేదు.

అప్పటినుంచి మధ్యాహ్నం షాపు మూసే వేళలో మిషన్ సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది, ముందు చెప్పకుండా, సరిగ్గా భోజనాల సమయానికి. డెల్ఫిన్ ఇల్లు ఎత్తులో ఉంటుంది, గోడ పట్టుకుని ఎక్కాలి. మరుసటి గురువారం ఆమె గుమ్మంలోకి రాగానే బల్బీనా మొగుడి ముందున్న పళ్లెం లాగేసి గుడ్డ కప్పింది.

“తియ్యి పిన్నీ. తిననివ్వు. ఎంత తింటాడో చూడనివ్వు.”

డెల్ఫిన్ పళ్లెం నిండా ఆకు తిన్నాడు. వేలు గుచ్చితే, ఇన్ని రోజులుగా తింటున్న ఆకుకి అంకె ఒకటి పాయింట్ ఎనిమిదికి పడిపోయింది. ఆ కవాటానికి అది మరీ తక్కువ. ఎర్మితాస్ అక్కడే స్టూలు మీద కూలబడి, డాక్టరుతో మాట్లాడి, కార్డు మీద అరలు కొట్టేసి ముప్పావులు రాసింది. లేవబోతే కాలు రాలేదు. డెల్ఫిన్ చెయ్యిచ్చాడు.

“మళ్లీ ఎప్పుడొస్తావు?” అంది బల్బీనా.

“ఎల్లుండి.”

“ఏ వేళకి?”

“చెప్పను.”