గీసిన చెయ్యే తుడవాలి

నా చిన్నప్పుడు, బెంగాలీ వాళ్ళ గడ్డ మీద ఉన్న నిమ్‌పురా రైల్వే కాలనీలో మా తెలుగు బడిని నడిపినవాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళేం కాదు. యార్డులో పనిచేసేవాళ్ళు, వర్క్‌షాపు ఫిట్టర్లు, పెయింటర్లు, గార్డు గారొకరు, చర్చి పెద్ద ఒకాయన, మొత్తం ఏడుగురు. దాన్ని కమిటీ అనేవాళ్ళం. ఆ కమిటీకి ప్రెసిడెంటు మా తాతయ్య. ఆయన చదువు రెండో తరగతితో ఆగిపోయింది. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. ఎవరైనా గుర్తుచేస్తే "అందుకే గదా బడి గావాలంటన్నాను" అనేవాడు.

తాతయ్య ఉద్యోగం చక్రాలు కొట్టడం. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గాని, అప్పట్లో అది చాలా బాధ్యత గల పని. బండి యార్డులోకొచ్చి ఆగగానే పొడుగాటి పిడి ఉన్న సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ కొడుతూ, చెవి ఒగ్గి వింటూ వెళ్ళేవాడు. మంచి చక్రమైతే గంటలా ఖంగుమంటుంది. పగులున్నది బొంగురు గొంతుతో పలుకుతుంది. అలా పలికిన పెట్టె మీద సుద్దముక్కతో గుర్తు వేస్తే దాన్ని విడదీసి సిక్ లైనుకి పంపేవారు. సిక్ లైను అంటే బళ్ళ ఆసుపత్రి అనుకోండి. బాగయ్యాక ఆ గుర్తును ఎవరు పడితే వాళ్ళు తుడవకూడదని తాతయ్య వాళ్ళ జట్టులో ఒక ఆచారం ఉండేది. ఎవరు గీశారో వాళ్ళే మళ్ళీ వచ్చి, కొట్టి విని, తమ చేత్తో తుడవాలి. తాతయ్య సెలవులో ఉంటే, సుద్దగీతతో ఆ పెట్టె ఆయన కోసం ఎదురుచూసేది.

బడిని కూడా ఆయన ఆ చెవితోనే నడిపాడు. రెండు గదులు, ఒక వరండా, ఐదు తరగతులు, ఇద్దరు మాస్టర్లు. మాస్టర్ల జీతాలకి గవర్నమెంటు గ్రాంటు వచ్చేది. మిగతాదంతా మావాళ్ళ చేతి చలవే. నల్లబల్లకి రంగు వర్క్‌షాపు పెయింటరు మామయ్యలు వేసేవారు, బెంచీల కాళ్ళు ఫిట్టర్లు బిగించేవారు, సున్నం అమ్మలు వేసేవారు. జీతాలొచ్చిన ఆదివారం తలా కొంత చందా. ఏటా బడి తెరిచే ముందు కమిటీని ఎన్నుకునేవారు. అప్పుడు తల్లులు కూడా చెయ్యెత్తొచ్చని రూలు పెట్టింది తాతయ్యే. మొదటేడు ఒక్క చెయ్యీ లేవలేదట. రెండో ఏడు మా నాయనమ్మ చెయ్యెత్తింది, అదీ తాతయ్యకి వ్యతిరేకంగా. ఆ కథ చెప్పుకుని ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. మీటింగుకి కుర్చీలు వేయనిచ్చేవాడు కాదు. పెద్దలంతా పిల్లల బెంచీల మీదే, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోవాలి. గార్డు గారు పాపం లావుపాటి మనిషి. ఆయన కూర్చుంటే బెంచీ ఏడ్చేది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. మా బడిలో చదవడం బాగా వెనకబడిందని, ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తారని, బాగోలేకపోతే తెలుగు క్లాసులు ఎత్తేసి పిల్లల్ని ఖరిదా వైపు వేరే బడిలో కలిపేస్తారని అందులో ఉంది. ఆ బడిలో తెలుగు లేదు. అమ్మమ్మ ఊరికి ఉత్తరం రాయడం ఇంక ఎవరు నేర్పుతారని మా అమ్మ దిగులు పడింది. కాలనీ అంతా అదే మాట.

క్లాసు లీడరును నేను. గొప్పలు పోవడంలోనూ నేనే లీడరును. ఇన్‌స్పెక్టరు ముందు పద్యం చెప్పే పని నాకిచ్చారు. మా పక్క క్వార్టర్లో దాదాపు నా ఈడుదే ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మ రైల్వే ఆసుపత్రిలో ఆయా, నాన్న బళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఇద్దరికీ ఒకేసారి డ్యూటీ పడితే చంకలో తమ్ముడితో ఈ పిల్ల ఇంట్లో ఉండిపోవాలి. అలా నెలలో సగం రోజులు బడికే రాదు. ఐదో తరగతి రెండో ఏడు చదువుతోంది. పుస్తకం ఇస్తే అక్షరం అక్షరం తడుముకునేది.

ఇన్‌స్పెక్టరు రావడానికి ముందురోజు సాయంత్రం మా పెద్ద మాస్టారు నన్ను పిలిచి, రేపు ఒక్కరోజు ఆ అమ్మాయిని ఇంట్లోనే ఉండమని చెప్పు అన్నారు. మెల్లగానే చెప్పారు, నా మొహం చూడకుండా చెప్పారు. ఆయన చెడ్డమనిషి కాదు, బడి పోతుందని భయపడ్డ మనిషి. నేను ఎగురుకుంటూ వెళ్ళాను. ఆయన చెప్పింది ఒక మాటైతే నేను దానికి తోక తగిలించాను. "రేపు నువ్వు రాకు. నువ్వొస్తే బడి మూసేస్తారంట" అన్నాను.  లీడరుని కదా, ఒక పెద్ద మాట నా నోట పలకాలనిపించింది, అంతే.  ఆ పిల్ల తమ్ముడి ముక్కు తుడుస్తూ తలూపింది.

మర్నాడు పొద్దున్నే తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని బడికొచ్చాడు. ఇన్‌స్పెక్షన్ రోజున హాజరు ప్రెసిడెంటే పిలవాలన్నది ఇంకో రూలు. చదవడం సరిగా రాకపోయినా మా పేర్లన్నీ ఆయనకి నోటికొచ్చు. వరసగా పిలుస్తూ ఆ పిల్ల పేరు దగ్గరికొచ్చాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలుస్తూ పిల్లలందరి మొహాలూ చూశాడు, నా దగ్గర ఆగాడు.

"ఏటే, నీ మొగం అలగున్నాది?"

నేను నేల చూశాను. మాస్టారే ముందుకొచ్చి, తప్పు నాది ప్రెసిడెంటు గారూ, బడి నిలబడాలని నేనే వద్దని చెప్పించాను అన్నారు. తాతయ్య కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. మాస్టారి పక్కనే బెంచీ మీద కూర్చుని నెమ్మదిగా అన్నాడు. "మాస్టారూ, ఒక్క సెక్రం కొట్టకుండా ఒగ్గేసి బండి పంపీసినాననుకోండి. ఎవులికీ తెల్దు. బండి కదుల్తాది కూడాను. ఎంత దూరం ఎల్తాదో సెప్పండి?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తాతయ్య నా వైపు తిరిగాడు. "రావొద్దని సెప్పిన నోటితోనే రమ్మని సెప్పాల. ఎవులు గీసినారో ఆలే తుడవాల. బేగి ఎల్లు."

పరిగెత్తాను. మా క్వార్టర్ల వరస చివర వాళ్ళ గుమ్మం కనబడగానే కాళ్ళు నెమ్మదించాయి. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. ఉతికి మడతపెట్టిన గౌను వేసుకుంది. రెండు జడలు వేసుకుని, ఎర్ర రిబ్బన్లు పైకి మడిచి కట్టుకుంది. పక్కనే పుస్తకాల సంచి. ఒళ్ళో తమ్ముడు. రావద్దన్న పిల్ల బడికి తయారై కూర్చుంది. ఎవరి కోసం తయారైందో నాకు అర్థం కాలేదు.

"రమ్మంటన్నారు" అన్నాను.

ఆ పిల్ల లేవలేదు. నా కళ్ళలోకి చూసి అడిగింది. "నేనొస్తే బడి మూసెయ్యరా?"

అప్పుడు నా వెనక చెప్పుల చప్పుడయింది. పసివాణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలి కదా అని తాతయ్య నా వెనకే వచ్చాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. సుత్తి దెబ్బకి చక్రం పలికే పలుకు వినే చెవి అది. ఈ మాట ఎవరిదో కనిపెట్టడం ఎంతసేపు? అయినా నన్ను ఏమీ అడగలేదు, నా వైపు చూడను కూడా లేదు. నిలబడ్డాడు. మాస్టారే అన్నారని చెప్పేస్తే సరిపోతుందని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మాస్టారు అలా అనలేదు. నేనే కలిపి చెప్పినాను. నీ వల్ల బడి మూసెయ్యరు" అన్నాను. అనేసరికి నాకు ఏడుపొచ్చేసింది. విచిత్రం, ఏడవాల్సిన ఆ పిల్ల ఏడవలేదు. సంచి తీసుకుని లేచింది. తాతయ్య పసివాణ్ణి భుజాన వేసుకుని, "తుడిసినావు గదా. పద" అన్నాడు. ఆ విషయం మీద ఆయన నాతో మాట్లాడింది జీవితంలో అంతే.

ఇన్‌స్పెక్టరు గారు బెంగాలీ ఆయన. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. తెలుగు వచ్చిన గుమస్తా ఒకాయన ఆయన వెంట ఉన్నాడు. నేను పద్యం దంచేశాను. ఇన్‌స్పెక్టరు గారు చెవి గోక్కున్నారు. తరవాత, తాతయ్య భుజం మీద పసివాణ్ణి చూసి, వీడి అక్క ఎవరని అడిగి, ఆ పిల్లని లేపి పుస్తకం ఇచ్చారు.  ఆ పిల్ల ఒక వాక్యం చదివింది. రెండో వాక్యం సగంలో ఒత్తుల మాట దగ్గర ఆగిపోయింది. ఎంతకీ కదలలేదు. మాస్టారి మెడ మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది.

అప్పుడు తాతయ్య తన యార్డు బెంగాలీలో మొదలుపెట్టాడు. ఈ పిల్ల సగం రోజులు బడికి రాదని, హాజరు పుస్తకంలోనే ఉందని, చూసుకోమని చెప్పాడు. లోపం ఆ పిల్లది కాదన్నాడు, మాస్టర్లదీ కాదన్నాడు. గోడలకి సున్నం వేశాం, బెంచీలు బిగించాం, పసివాణ్ణి ఎవరు చూస్తారని మాత్రం కమిటీ ఏనాడూ అడగలేదు, తప్పు మాది అన్నాడు. తన బడి లోపాన్ని తానే వేలు పెట్టి చూపించే ప్రెసిడెంటుని ఇన్‌స్పెక్టరు గారు అంతకు ముందు చూసి ఉండరు. మరి ఏం చేస్తారని అడిగారు.

ఆ వరండాలోనే, ఆయన చూస్తుండగానే, కమిటీ బెంచీల మీద కూర్చుంది. డ్యూటీలో ఉన్న ఇద్దరు తప్ప మిగిలిన ఐదుగురూ ఉన్నారు. వరండా దూలానికి చీరతో ఉయ్యాల కట్టాలని, అమ్మమ్మలూ నాయనమ్మలూ వంతులేసుకుని కూర్చోవాలని, చంటివాళ్ళున్న పిల్లలు వాళ్ళని బడికే తీసుకురావచ్చని తీర్మానం. ఐదు చేతులూ లేచాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ మా నాయనమ్మ కూడా చెయ్యెత్తింది. ఈసారి తాతయ్య వైపే. ఇన్‌స్పెక్టరు గారు నవ్వి, "ఠీక్ హై దాదా, పూజో తరవాత వస్తాను" అని మాకొచ్చిన ఆ ఉత్తరాన్ని తిరిగి తన సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా ఆ వరండాలో మూడు ఉయ్యాలలు ఊగాయి. చదువు మానేసిన ఇద్దరు ఆడపిల్లలు చంకలో చెల్లెళ్ళతో తిరిగొచ్చారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ పిల్ల చేత రోజూ ఒక పేజీ చదివించే పని నాకు పడింది. ఎవరు అప్పగించారంటారా? ఎవరూ అప్పగించలేదు, నేనే వెళ్ళి కూర్చున్నాను. దసరా పూజల సెలవులయ్యాక ఇన్‌స్పెక్టరు గారు చెప్పినట్టే వచ్చారు. నన్ను పద్యం అడగనే లేదు. నేరుగా ఆ పిల్లకే పుస్తకం ఇచ్చారు. ఆ పిల్ల పేజీ అంతా చదివింది, నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా. బడి నిలిచింది. మూడో మాస్టారు రావడానికి మాత్రం ఇంకో రెండేళ్ళు పట్టింది. అది వేరే బాధ.

ఇప్పుడు ఆ కమిటీలో నేనూ ఉన్నాను. పిల్లలు బాగా తగ్గిపోయారు, అందరికీ ఇంగ్లీషు బడులే కావాలి. మీటింగులు మాత్రం ఇప్పటికీ ఆ బెంచీల మీదే. లేవాలంటే నాకు ఇద్దరు సాయం పట్టాలి. పోయినేడు ఇన్‌స్పెక్షన్ ముందు, మా కొత్త టీచరమ్మ, బంగారంలాంటి పిల్ల, నా చెవిలో మెల్లగా అంది, "ఆంటీ, చదవడం రాని ఆ నాలుగో క్లాసు బాబుని ఆ రోజు రావద్దని చెప్పేశాను" అని. నేను ఆ అమ్మాయిని కోప్పడలేదు. చెప్పులు వేసుకుని, నాతో రా అమ్మా అన్నాను. దారిలో ఆయాసపడుతూనే మా తాతయ్య సుత్తి కథ చెప్పాను. ఆ బాబు వాళ్ళ గుమ్మం దగ్గర నేను ఆగిపోయాను. రమ్మనే మాట ఆ అమ్మాయే చెప్పాలి మరి.

మా పక్క క్వార్టర్ పిల్ల ఇప్పుడు సుభాష్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటోంది. వాళ్ళమ్మ లాగే ఆసుపత్రిలో చేసి రిటైరయింది. ఏటా క్రిస్మస్‌కి నాకు కేకు పంపుతుంది. మొన్న తనే తెచ్చింది. ఇన్నేళ్ళకి ధైర్యం చేసి అడిగాను, రావద్దన్నా ఆ రోజు ఎందుకు తయారై కూర్చున్నావే అని. కేకు కోస్తూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ఎవులైనా పిలుస్తారేమో అని."