ఆరో వేలి దగ్గర వినిపించిన చప్పుడు

వెలిగే దీపం ముందు కూర్చుని చెబుతున్నాను, ఇది జరిగింది. నా మాటల్లో సగం తీసేసి వినడం మీకు అలవాటే. ఈసారి తీయకండి... తీయాల్సినవి నేనే తీస్తాను.

శ్రీకాళహస్తిలో నేనూ మా తమ్ముడు మునిరత్నం కలంకారీ గీస్తాం. కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డ మీద నల్లరంగు పడిందంటే ఇక పోదు. అందుకే గీత వెంట్రుకంత తప్పినా మునిరత్నం నాలుక చప్పరించేవాడు. త్చ్... చెయ్యి ఆగిపోయేది.

స్కిజోఫ్రీనియా వచ్చాక ఆ చప్పుడు పోయింది. మాత్రలతో తేరుకుని మళ్లీ కలం పట్టాడు. కానీ గీత తప్పినా చెయ్యి ఆగదు. తప్పు జరిగిన క్షణంలోనే మెదడులో ఒక గంట మోగుతుందట. ఈ జబ్బులో చాలామందికి అది మెల్లగా మోగుతుందని తిరుపతి డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి పక్కన కూర్చుని ఆ 'త్చ్' నేనే అనేవాణ్ణి. నాకూ చూపు మందగిస్తోంది. ఇంకొక్క తప్పు పడితే కలం తీసేసుకుందామనుకున్నాను. వాడికున్నది ఆ కలం ఒక్కటే.

ఆ రోజు చీకటి పడగానే కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో సీతమ్మ కుడిచెయ్యి గీస్తున్నాడు. గుడ్డ మీద కలం... సర్ర్... సర్ర్...

త్చ్.

నేను అనలేదు. వాడి గంట తిరిగొచ్చిందా?

"నువ్వేనా రా?"

"నేను కాదు, అన్నా. నువ్వే అంటివి."

కొవ్వొత్తి ఎత్తాను. సీతమ్మకు... ఆరు వేళ్లు. ఆ ఆరో వేలు మెల్లగా నావైపు వంగింది...

లేదు. వంగలేదు. అది నేను కలిపి చెప్పింది. కానీ చప్పుడు మళ్లీ వచ్చింది. ఈసారి వాడి నోరే చూస్తున్నాను. మూసే ఉంది. బల్లి అంటారేమో... గోడలన్నీ వెతికాను. లేదు.

"కలం ఈడ పెట్టేయ్ రా," అన్నాను. పెట్టేశాడు.

తెల్లారి చూస్తే కుడిచేతికి ఐదే వేళ్లు. ఆరున్నది ఎడమచేతికి. అది వారం ముందు నేను గీసింది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆ తప్పు వాడిదేనని అందరికీ చెప్పాను. వాడూ నమ్మాడు. నెలపాటు కలం ముట్టలేదు. చివరికి ఉండబట్టలేక తప్పు నాదేనని చెప్పేసి, కలం చేతికిచ్చాను. ఎడమచేతి వేళ్లు మెల్లగా లెక్కపెట్టాడు.

"అయితే నీకు కూడా గంట మోగలే గదన్నా," అన్నాడు.

ఇప్పుడు ఒకరి గీత ఒకరం చూసుకుంటున్నాం. ఒక్కోసారి ఇద్దరం నోరు మూసుకునే ఉంటాం... కలం పక్కకు జరుగుతుంది...

త్చ్.