దయ్యానికి చందా

“దయ్యానికి చందా యాలమ్మే? అదేమన్నా దేవుడా?” అని మా అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఈరోజుకీ సరైన జవాబు లేదు. అప్పుడు మాత్రం, “నీకు తెలీదులే, గమ్మునుండు” అని ఎగిరిపడ్డాను. జవాబు తెలియనప్పుడు నాకు కోపం వస్తుంది. పుట్టుబుద్ధి, ఏం చేసేది!

కన్నడ రాష్ట్రం అంచున, తిరుమణి దగ్గర సోలార్ పార్కులో నా ఉద్యోగం. ఏ వరుస ప్యానెళ్ళు ఎంత కరెంటు ఇస్తున్నాయో పొద్దస్తమానం కంప్యూటర్‌లో చూస్తూ కూర్చోవాలి. ఇంటికొస్తే మళ్ళీ కంప్యూటరే, కాకపోతే అందులో దయ్యాలు. హారర్ గేములంటే నాకు పిచ్చి. ఆ పిచ్చి మా నాయనకు ఎప్పుడు అంటుకుందో గుర్తు లేదు. చేను పార్కుకు గుత్తకిచ్చాక ఆయనకు పొద్దు గడిచేది కాదు. ఒక ఆదివారం నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అంతే, ఇక లేవలేదు.

మా ఊళ్ళో మధ్యాహ్నం పూట దయ్యాన్ని చూసి భయపడడం అంత తేలిక కాదు. కిటికీకి దుప్పటి కట్టాలి, తలుపు సందులో గోనెసంచి కుక్కాలి. అప్పటికీ ఎండ ఎక్కడో ఒకచోట దూరుతుంది. చెమటలు కక్కుతూ ఇద్దరం ఆ చీకట్లో కూర్చునేవాళ్ళం. ఆట నాది, అరుపులు ఆయనవి. “వాకిలి తెరవద్దు మే! వాడు ఆడే ఉండాడు!” అంటాడు. తెరవకపోతే ఆట ముందుకు పోదు నాయనా అంటే, “పోకపోతే పోనీ, ప్రాణం కంటే ఎక్కువనా?” అంటాడు. అట్లాంటి మనిషితో హారర్ గేము ఆడడం ఎంత బాగుంటుందో చెప్పలేను.

బెంగళూరులో ముగ్గురు పిల్లలు కలిసి ఒక గేము తయారు చేస్తున్నారని ఆ రోజుల్లోనే నెట్‌లో చూశాను. ఎండిపోయిన ఊళ్ళో పాడుబడ్డ సినిమా టాకీసు, అందులో ఒక దయ్యం. ఇంకా తయారు కాలేదు, తయారు చేయడానికే జనాన్ని డబ్బు అడుగుతున్నారు. క్రౌడ్‌ఫండింగ్. కొంచెం ఎక్కువ ఇచ్చినవాళ్ళు తమ అరుపు రికార్డు చేసి పంపవచ్చట. బాగున్న గొంతును దయ్యానికి పెడతారట.

నాకు అనుమానమే. ఇట్లా డబ్బు తీసుకుని మాయమైనవాళ్ళ గురించి చాలా చదివాను. నాయనకు చెబితే ఇంకా అనుమానపడతాడనుకున్నాను. ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

“మా నాటకం కూడా అంతే గదమ్మా. చందాలు ముందు, నాటకం ఎనక” అన్నాడు.

“నాటకం నేర్పే మేష్ట్రు చందాలతో పారిపోతే?”

“పారిపోయినోళ్ళు కూడా ఉండారు. అయినా నాటకాలు ఆగినాయా?”

మా వైపు నాటకంలో వేషగాడికి ఎవరూ డబ్బివ్వరు. వాడే ఇచ్చుకుని వేషం కట్టాలి. పెళ్ళయిన కొత్తలో మా నాయన రెండు పొట్టేళ్ళు అమ్మి రాక్షస వేషం కొనుక్కున్నాడు. పాటలు పాడే గొంతు కాదు ఆయనది, బొబ్బ పెట్టే గొంతు. రాక్షసుడు తెర చించుకుని వచ్చి ఒక బొబ్బ పెట్టాలి, జనం అదిరిపోవాలి. మేష్ట్రు చెప్పింది అంతే. రాత్రిళ్ళు చెనక్కాయ చేనుకు అడవిపందుల కాపలా పోయినప్పుడల్లా నాయన ఆ బొబ్బ సాధన చేశాడు. తీరా నాటకం రోజున ముఖానికి రంగేసుకుని తెర వెనక తన వంతు కోసం నిలబడి ఉంటే, వాన వచ్చింది! ఎన్ని నెలలుగానో మొగం చాటేసిన వాన. షామియానా కూలింది, హార్మోనియం తడిసింది, ఒక్కరంటే ఒక్కరు బాధపడలేదు. ఊరంతా బురదలో చిందులేసింది, రంగు కారిపోతున్న రాక్షసుడితో సహా. తెల్లారి అందరూ విత్తనానికి పోయారు. ఆ తర్వాత మేష్ట్రు ఊరు మారాడు, నాటకం మళ్ళీ కట్టలేదు.

“వానొచ్చిందని సంతోషమే గదమ్మా” అనేవాడు ఈ కథ చెప్పినప్పుడల్లా. “ఆ బొబ్బ ఒకటి లోపలే ఉండిపోయింది, అంతే.”

అందుకే దయ్యానికి చందా కట్టాను. నా జీతంలోంచి, ఎంత కట్టానో అమ్మకు సగమే చెప్పి.

ఇంట్లో రికార్డు చేద్దామని ఫోను పట్టుకున్నాను. నాయన ఒక్క బొబ్బ పెట్టాడో లేదో, అమ్మ వంటింట్లోంచి, పక్కింటివాళ్ళు వీధిలోంచి పరుగెత్తుకొచ్చారు. ఒకామె చెంబుతో నీళ్ళు కూడా తెచ్చింది. సాధన చేసిన చేనుకు పోదామంటే అది ఇప్పుడు కంచె లోపల, ప్యానెళ్ళ కింద ఉంది. అక్కడ బొబ్బ పెడితే సెక్యూరిటీవాళ్ళు జీపేసుకుని వస్తారు, నా ఉద్యోగం పోతుంది.

చివరికి సాయంత్రం స్కూటీ మీద నాగలమడిక ఏటికి పోయాం. ఏరంటే మాకు ఇసుకే. నాయన చెప్పులు విప్పి, పిడికెడు ఇసుక తీసి కళ్ళకద్దుకున్నాడు. స్టేజీ ఎక్కేముందు అట్లా చేయాలట. నేను నవ్వలేదు. మొదటి బొబ్బ దగ్గుగా మారిపోయింది, అప్పుడు మాత్రం నవ్వాను. “నవ్వితే రాదు మే, అట్ల తిరుక్కో” అన్నాడు. అటు తిరిగి నిలబడ్డాను.

రెండోసారి వచ్చిన బొబ్బను ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. పుట్టినప్పటి నుంచి తెలిసిన మనిషి నా వెనక ఉన్నాడని తెలిసీ నా వెన్ను జలదరించింది. దూరంగా మేస్తున్న గొర్రెలు తలా ఒక దిక్కు పరుగెత్తాయి. కాపరి కర్ర ఊపుకుంటూ వచ్చాడు. “ఏంప్పా పెద్దాయనా, బుద్ధుండాదా? ఇప్పుడు వాటిని యాడని ఎతకల్ల?”

“భయపడినాయా?” అని అడిగాడు నాయన, మొహం వెలిగిపోతుండగా.

చీకటి పడేదాకా ముగ్గురం గొర్రెలు పోగుచేశాం.

రికార్డు పంపాం. అందింది, విని చెబుతాం అన్నారు. ఆ తర్వాత మొదలైంది ఎదురుచూపు. గేము వస్తుందన్న నెలకు రాలేదు. ఇంకో నెల అన్నారు, అదీ పోయింది. ముగ్గురిలో ఒకరికి ఒంట్లో బాగాలేదని, పని నిదానంగా సాగుతున్నదని రాశారు. ఆ పోస్టు కింద జనం తిట్లు కుమ్మరించారు. దొంగలన్నారు, మోసమన్నారు. నాయన రోజూ నేను డ్యూటీ నుంచి రాగానే, బండి స్టాండు వేయకముందే, “ఏమన్నా చెప్పినారా?” అని అడిగేవాడు. లేదు అని చెప్పాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. ఒకరోజు ఒళ్ళు మండి నేనూ నాలుగు మాటలు టైపు చేశాను.

“ఏంది రాస్తాండావు?” అన్నాడు నాయన.

చదివి వినిపించాను. ఆయన మొహం చిన్నబోయింది.

“వద్దమ్మా, తుడిపెయ్. రంగేసుకొని తెర ఎనక నిలబడినోళ్ళకి తెలుస్తాది ఆ కష్టం. నేను చెప్పేది రాయి. నిదానంగా చేసుకోండప్పా, ఒళ్ళు జాగ్రత్త. నాటకం లేటయితే ఏమీ గాదు. నా బొబ్బ మాత్రం పారెయ్యద్దండి.”

తిట్లన్నీ తుడిపేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు కన్నడంలో రాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. భద్రంగా ఉంది అని, అంతే. గేములో పెట్టారా లేదా అన్నది లేదు.

మళ్ళీ ఎండాకాలం వచ్చాక, మొత్తం గేము కాకుండా మొదటి భాగం మాత్రం విడుదల చేశారు. కిటికీకి దుప్పటి కట్టాను. నాయన తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. టాకీసులో టార్చి వేసుకుని నడిచాను. వరుసగా విరిగిన కుర్చీలు, చిరిగిన తెర. ఈసారి నాయన నోట తెరవద్దు, పోవద్దు అన్న మాట లేదు. దగ్గరికి పోగానే తెర చించుకుని దయ్యం వచ్చింది. గది అదిరేలా బొబ్బ పెట్టింది. ఇద్దరం కుర్చీల్లోంచి ఎగిరిపడ్డాం.

తేరుకున్నాక నాయన మెల్లగా అన్నాడు, “బాగుండాది. నాది కాదులే అది. నాకంత గొంతు యాడిది?”

నాకూ అనుమానమే. ఆ గొంతు ఇంకా లావుగా, గుహలోంచి వచ్చినట్టుంది. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలని చూస్తున్నాను, అంతలో పెరట్లో అంట్లు తోముతున్న అమ్మ తడిచేతులతో లోపలికొచ్చింది.

“ఏమయ్యా, మళ్ళా మొదలుపెట్టినావా? పక్కింటోళ్ళు పరిగెత్తి వస్తారు!”

“నేను నోరే తెరవలేదే!”

“నీ గొంతు నాకు తెలీదా? పెండ్లయిన కొత్తలో పందుల కాపలాకి పోతే చేన్లోంచి ఇంటిదాకా ఇనపడేది. అది ఇనపడితేనే నాకు నిద్ర పట్టేది.”

నాయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు.

వారం తర్వాత ఆ గేము ఆడిన వీడియో ఒకటి దొరికింది. ఎవరో కుర్రాడు, ఏ దేశమో తెలియదు, భాష కూడా అర్థం కాలేదు. టాకీసులో నడుస్తూ నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. తెర చిరిగింది, మా నాయన బొబ్బ పెట్టాడు. కుర్రాడు కెవ్వుమని అరిచి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

“భయపడినాడా?” నాయన నా చేయి పట్టుకున్నాడు.

“చచ్చేంత భయపడినాడు నాయనా.”

ఆ కుర్రాడు లేచి, గుండె మీద చేయి పెట్టుకుని రొప్పుతున్నాడు. నాయన ముందుకు వంగి వాడినే చూస్తూ కూర్చున్నాడు.

“పాపం, ఎవురు కన్న బిడ్డో. బాగా అదురుకొన్నాడు. నీళ్ళు తాగమని రాయమ్మా.”

రాశాను. మెసేజ్ వెళ్ళిందని చెప్పాక, వీడియో ఇంకోసారి పెట్టమన్నాడు.