నా ర్యాప్, మా మేనకోడలి ర్యాప్

"ఇది పాటేటి మావా? ఎవుడో పక్కింటోడితో దెబ్బలాడతన్నట్టున్నాది," అంది మా మేనకోడలు.

అప్పుడు తనకి పదహారేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం. వాళ్ళ ఊరు సుమ్మాదేవి నుంచి రోజూ కాలేజీకి పాసింజర్ బండిలో రాకపోకలు కష్టమని, మా అప్ప, బావ తనని పలాసలో మా ఇంట్లో ఉంచారు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఇంట్లో మా అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నాకు ముప్ఫై ఒకటి. టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, నా దగ్గరున్న వాటిలోకెల్లా మంచి క్యాసెట్ తీసి తనకి వినిపించాను. ఒక పాట సగమైనా అవలేదు. ఆ మాట అనేసి, లేచి, అద్దం ముందుకెళ్ళి జడ దువ్వుకోవడం మొదలుపెట్టింది.

చిన్నపిల్ల, తెలియదులే అని ఊరుకుంటే పోయేది. నేను ఊరుకోలేదు.

ఆ క్యాసెట్లు నాకు మా బావ వల్ల వచ్చాయి. ఆయన ఓడ మీద ఇంజన్ గదిలో పనిచేసేవాడు. పది నెలలు నీళ్ళ మీద, రెండు నెలలు ఇంటి దగ్గర. తొంభైల చివర్లో ఒకసారి సెలవుకి వస్తూ సబ్బులు, సెంటు సీసాలు, చాక్లెట్లతోపాటు ఒక సంచీ నిండా క్యాసెట్లు తెచ్చాడు. అమెరికాలో ఏదో రేవులో సరుకు దింపే నల్లజాతి మనిషి ఒకడు, తన దగ్గర పాతబడినవి ఇచ్చేశాడట. అన్నీ ర్యాప్ పాటలే.

నేనప్పుడు డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. బావ సెలవులో ఉన్న రెండు నెలలూ సుమ్మాదేవిలో వాళ్ళింట్లోనే మకాం. ముందు గదిలో టేప్ రికార్డర్ పెట్టుకుని ఇద్దరం కూర్చునేవాళ్ళం. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. డిగ్రీలో ఇంగ్లీషు బాగా చదివానని పేరున్నవాణ్ణి కదా, అదొక అవమానంలా అనిపించింది. లాంగ్ నోటుబుక్కు కొని ఒక్కో లైనూ రాయడం మొదలుపెట్టాను. వినడం, ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం. ఒక పాట పూర్తిగా రాయడానికి మూడు వారాలు పట్టింది. డిక్షనరీలో దొరకని మాటల్ని బావ తనకి తెలిసిన ఓడ ఇంగ్లీషుతో ఊహించి చెప్పేవాడు. అవి సగం తప్పులని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

కానీ ఆ మూడు వారాల చివర అర్థమైంది చూడండి, అది నన్ను కదిలించేసింది. వాళ్ళ వీధిలో పోలీసు కారు ఆగితే ఎవరు ఎటు పరిగెత్తుతారో, వాళ్ళమ్మ పనికెళ్ళి వచ్చేసరికి పొయ్యి మీద ఏముంటుందో, అన్నీ చెప్తున్నాడు ఆ పాడే మనిషి. చిన్నప్పటినుంచీ చర్చిలో కీర్తనలు పాడినవాణ్ణే, రాగం తాళం ఎరుగుదును. రాగమే లేకుండా, మామూలుగా మాట్లాడుకునే మాటలు తాళం తప్పకుండా పాటైపోతాయని మాత్రం అప్పుడే తెలిసింది. పలాస నుంచి టెక్కలి వరకూ ఈ సంగతి తెలిసినవాళ్ళం మా ఇద్దరమే అని నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం పోకుండా చాలా ఏళ్ళు కాపాడుకున్నాను.

అందుకే నా ఇంట్లోనే, నా మేనకోడలే అలా అనేసరికి తట్టుకోలేకపోయాను.

తనకి ర్యాప్ ఇష్టం లేదా అంటే, అదీ కాదు. ఇష్టమే. కాశీబుగ్గలో నెట్ సెంటర్ కుర్రాడి చేత సీడీ రాయించుకుని తెచ్చుకునేది. ఒక్క సీడీలో నూటయాభై పాటలు. వాటి నిండా కార్లు, గొలుసులు, డ్యాన్సులు. గది తలుపు తీసే ఉంచి, ఒక పాట నిమిషం విని, ఇంకో పాటకి పోయేది. నాకు ఒళ్ళు మండేది.

"ఏటంటన్నాడో తెలుసా నీకు ఆడు?" అని అడిగాను ఒకరోజు.

"తెల్దు."

"తెలీకుండా ఎలగింటన్నావు?"

"ఊపుగున్నాది. ఇంటన్నాను. నువ్వు పరీచ్చకి సదివినట్టు ఇంటావు, నాకలగ రాదు మావా."

నేను మేష్టారిని. ఆ గుణం ఇంట్లో కూడా పోలేదు. నా లాంగ్ నోటుబుక్కులు తీసి ముందు పెట్టాను. వారానికో పాట వినాలి, అర్థం చెప్పాలి అన్నాను. మొదటి వారం ఓపిక పట్టింది. రెండో వారం నేను వివరిస్తూ ఉండగానే గోడకి చేరబడి నిద్రపోయింది. మా అమ్మ వచ్చి, "పాపని సదువుకోనీరా. ఈ గోలేటి?" అని టేపు ఆపేసింది.

ఆ గొడవలన్నీ చిన్నవి. పెద్దది డిసెంబరులో వచ్చింది.

స్కూలు నుంచి చిరాగ్గా వచ్చాను ఆ సాయంత్రం. టీ పట్టుకుని కూర్చుని, నాకు ప్రాణమైన క్యాసెట్ పెట్టాను. మొదటి వైపు బాగానే తిరిగింది. రెండో వైపు పెట్టగానే చప్పుడాగింది, కిర్రుమంది, తర్వాత మా మేనకోడలి గొంతు. "ఒన్, టూ, ఒన్, టూ" అని. వెనక ఎవరో ఆడపిల్లలు నవ్వుతున్నారు. వెంటనే ఆపేసి క్యాసెట్ బయటికి తీశాను. క్యాసెట్ అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, అవి విరిచేస్తే దానిమీద మళ్ళీ రికార్డు చేయడానికి ఉండదు. నేను ఏనాడో విరిచేశాను. ఆ కంతలమీద దెబ్బకి వేసుకునే ప్లాస్టర్ ముక్కలు నీటుగా అంటించి ఉన్నాయి. పొరపాటున జరిగింది కాదు.

తను పెరట్లో బట్టలు తీస్తోంది. పిలిచాను.

"ఇదేటి?"

క్యాసెట్ చూసి ముఖం మార్చుకుంది. "కాలీ క్యాసెట్ దొరకనేదు మావా. నువ్వెప్పుడూ ఒకేపు ఇంటావు కదా, రెండోదింటావనుకోనేదు."

"ఇది మళ్ళీ ఎక్కడైనా దొరుకుద్దా? మీ నాన్న ఏ దేశం నుంచి తెచ్చాడో తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ సేసినావా?"

తను మళ్ళీ తీగమీది బట్టల వైపు తిరిగింది. బదులిచ్చి ఉంటే నేను అక్కడితో ఆగేవాణ్ణేమో. "మీ తరానికి ఇనడమే రాదు, మల్లీ పాడతారు కూడాను. ఒక మంచి పాట మీద నీ కూతలు పెట్టినావు," అన్నాను. పక్కింటి అమ్మాయిలు, బహుశా ఆ క్యాసెట్లో నవ్వినవాళ్ళే, గోడ మీంచి చూస్తున్నారు. చూస్తున్నారని తెలిసి కూడా అన్నాను.

మర్నాడు పొద్దున్నే తన పెట్టె సర్దుకుని సుమ్మాదేవి వెళ్ళిపోయింది. ఆ మిగిలిన చదువంతా పాసింజర్లో తిరిగే చదివింది. ఏ ఎక్స్‌ప్రెస్సు వచ్చినా ఆ బండిని పక్కన పెట్టేసేవారు. కాలేజీకి ఆలస్యమై తిట్లు తినేదని మా అప్ప చెప్పింది. నన్ను మాత్రం ఏమీ అనలేదు. మా అమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో బావ సెలవుకి వచ్చాడు. ఆయనొక్కడికే నా బాధ అర్థమవుతుందని ఎదురుచూశాను. మా ఇంటికి రాగానే క్యాసెట్ తీసి చూపించి జరిగిందంతా చెప్పాను. ఆయన ప్లాస్టర్ ముక్కల్ని వేలితో తడిమి, "తెలివైంది," అన్నాడు. నాకు నచ్చలేదు ఆ మాట.

"పెట్టు, ఇందాం," అన్నాడు.

అప్పటివరకూ నేను ఆ "ఒన్, టూ" దాటి వినలేదు. పాడైన క్యాసెట్ వినేదేముంటుంది అనుకున్నాను. పెట్టాను. నవ్వులయ్యాక ఎవరో స్టీలు గిన్నె మీద తాళం వేయడం మొదలుపెట్టారు. దానిమీద తను, మా ఊళ్ళ మాటతోనే:

"సుమ్మాదేవి టేసన్లో బండాగేది నిమిసం
మా నాన్న ఇంటికొత్తే నాకు దక్కేది నిమిసం
తలుపేసీసి గదిలోన టేపు తిరిగీది రెండు నెల్లు
గుమ్మం కాడ కూకున్నాను, నాకప్పుడు ఎనిమిదేళ్ళు"

ఇంకా ఉంది. జీడితోట గురించి, వాళ్ళమ్మ ఉత్తరాల గురించి. బావ వెనక్కి తిప్పమన్నాడు. తిప్పాను. మళ్ళీ తిప్పమన్నాడు.

నిజమే, మేం తలుపు వేసుకునేవాళ్ళం. ఆ పాటల్లో బూతులుండేవి. పిల్ల వినకూడదని బయటికి పంపించేసేవాణ్ణి. పంపింది నేనే, బావ కాదు. తలుపు తడితే "తరవాత రా" అనేవాణ్ణి. వాళ్ళ నాన్న రెండు నెలల కోసమే వచ్చాడని, ఆ రెండు నెలల్లో సగం నేను తీసేసుకుంటున్నానని నాకు అప్పుడు తట్టలేదు.

ఈసారి బావ తనే టేపు ఆపాడు. "ఆ పాత పాటలు నాను కూడా ఇప్పుడు ఇనట్నేదురా," అన్నాడు. "ఓడలో కొత్త కుర్రోల్లు ఇంజన్ రూములో ఆల్లయి పెడతారు. బాగానే ఉంటాయి. పనికి ఊపొత్తాది."

నా పక్కన నిలబడతాడనుకున్న ఒక్క మనిషీ అలా అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

ఆ ఆదివారమే సుమ్మాదేవి వెళ్ళాను. తను వసారాలో కూర్చుని కాలేజీ ప్రాక్టికల్స్ రికార్డు రాసుకుంటోంది. లేచి మంచినీళ్ళు ఇచ్చింది. మర్యాదకి లోటు చేయలేదు.

"నీ పాటిన్నాను," అన్నాను.

"ఎప్పుడు?"

"మొన్న. మీ నాన్నా నానూ."

"మొన్నా?" అంది. పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది. "ఆరోజు నన్ను ఏటడిగినావో గుర్తుందా మావా? క్యాసెట్ కోసమే అడిగినావు. ఏటి పాడినావే అని ఒక్క మాట అడగనేదు."

"తప్పే."

"ఆ క్యాసెట్లన్నీ నాకొచ్చు. తలుపవతలనుంచి ఇన్నాను. నువ్వు వెనక్కి తిప్పి తిప్పి ఇనీవోడివి కదా, నాకూ నోటికొచ్చీసినాయి. మీ ఇంటికొచ్చాక నువ్వు నాకే పాటం సెప్తుంటే నవ్వాలో ఏడవాలో తెలీనేదు."

"మరి దెబ్బలాడినట్టున్నాది అన్నావు."

"అన్నాను. గుమ్మం కాడ కూకున్నప్పుడూ అలగే ఉండీది నాకు."

క్షమించమని అడగడానికే వెళ్ళాను, అడిగాను కూడా. సరేనంది. అక్కడితో లేచి వచ్చేసి ఉండాల్సింది. కానీ నేను, "సానా బాగా రాసినావు. మూడో లైన్లో మాత్రం ఒక మాటెక్కువైంది, తాళం జారుతన్నాది. అది తీసీసి మల్లీ పాడితే మంచి క్యాసెట్ మీద..." అని మొదలుపెట్టాను.

తను నా వైపు అలా చూసింది. "సూసినావా," అంది నెమ్మదిగా. మళ్ళీ పెన్ను తీసుకుని రికార్డు రాసుకోవడంలో పడింది. లోపలినుంచి మా అప్ప వింటోంది. గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టింది.

తిరుగు ప్రయాణంలో, స్టేషన్లో గంటన్నర కూర్చున్నాను. ఆ మూడో లైను ఎందుకు ఎత్తానో నాకే తెలియలేదు. ఎత్తకుండా ఉండలేకపోయాను, అంతే. నచ్చినదాన్ని దిద్దడం తప్ప ఇంకోలా చూడటం నాకు రాదనిపించింది. ముప్ఫై రెండేళ్ళు రాకుండానే ముసలాడినైపోయానని కూడా అనిపించింది.

తను మళ్ళీ ఆ పాట పాడలేదు. నేను అడిగిన ప్రతిసారీ, "అది అప్పటిది మావా," అని దాటవేసింది. తర్వాత విశాఖపట్నంలో నర్సింగ్ చదవడానికి వెళ్ళింది. అక్కడ హాస్టల్లో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలతో కలిసి పాడుతోందని మా అప్ప ద్వారా తెలిసింది. నాకు చెప్పొద్దందట. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

చదువు చివరి ఏడాది క్రిస్మస్‌కి ఇంటికి వచ్చింది. ఆరాధన అయ్యాక అందరం సుమ్మాదేవిలోనే ఉన్నాం. వసారాలో నా పక్కన వచ్చి కూర్చుని, నా సెల్‌ఫోను అడిగి తీసుకుని, తన ఫోన్లోంచి ఒక పాట దాంట్లోకి పంపించింది.

"నాదే. ఇనాలనుంటే ఇను. ఆపకుండా ఇను."

విన్నాను. గొంతుని ఏదో మిషన్లో పెట్టి రేకుడబ్బాలోంచి వచ్చేలా మార్చారు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మా ఊరి మాట ఎక్కడో రెండు చోట్ల తప్ప లేదు. స్కూటీ గురించి, హాస్టల్ వార్డెన్ గురించి ఏదో ఉంది. స్టీలు గిన్నె మీద పాడిన ఆ పిల్ల ఎక్కడికి పోయిందా అనుకున్నాను. పళ్ళు బిగబట్టి చివరిదాకా విన్నాను.

"బాగుంది," అన్నాను.

"అబద్ధం."

"అయితే నచ్చనేదు."

"ఏటి నచ్చనేదు?"

చెప్పాను. గొంతెందుకలా పాడుచేశావన్నాను. మన మాటెందుకు వదిలేశావన్నాను. అది గొంతు పాడుచేయడం కాదని, నాకు చెవులు అక్కడే ఆగిపోయాయని అంది. హాస్టల్లో అమ్మాయిలకి సుమ్మాదేవి మాట అర్థం కాదని, నవ్వుతారని కూడా అంది. నవ్వితే నవ్వనీ అన్నాను. "నీకేటి, నువ్వు టెక్కలి దాటి ఎల్లనేదు," అంది. అది నిజం కాబట్టి నాకు మరింత కోపం వచ్చింది. గొంతులు పెరిగాయి. మా అప్ప వచ్చి అన్నాలు చల్లారిపోతున్నాయని రెండుసార్లు చెప్పింది. మేం లేవలేదు. మూడోసారి బావ వచ్చి ఇద్దరి చేతుల్లోంచి ఫోన్లు లాక్కున్నాడు. భోజనాల దగ్గర కూర్చున్నాక కూడా తను ఎదురుగా కూర్చుని, "అయితే రెండో సరణంలో ఏటి తప్పో సెప్పు," అని అడుగుతూనే ఉంది.