పుల్లయ్య మామ ముందు పరిచిన చార్టు

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. నా మతి సంగతి వదిలేయండి, అది మొదటినుంచీ అంతంత మాత్రమే. నాకు చదవేస్తే ఉన్న మరదలు పోయింది. ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, అడ్డేమీ లేదు. మా చుట్టాలు నాలుగేళ్ళుగా నవ్వుతున్నారు, ఒక్కరికీ ఇంకా ఆయాసం రాలేదు.

నేను మార్కాపురంలో బి.ఏ. సోషియాలజీ చదివాను. ఎందుకని అడక్కండి. కంప్యూటర్ల గ్రూపులో సీట్లు నిండాయి, కామర్సులో నిండాయి, సోషియాలజీ క్లాసులో మాత్రం ఫ్యాను కింద బెంచీలు కూడా ఖాళీగా ఉన్నాయి. ఫ్యాను కోసం చేరినవాడిని రెండో ఏడాదికల్లా పండితుణ్ణయ్యాను. మా అమ్మ నాయనకు ముందు వడ్డించి తర్వాత తాను తింటే, "ఇది పితృస్వామ్యం" అని కంచం ముందు కూర్చుని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. "అట్లనా? అయితే నీ పితృస్వామ్యం నువ్వే కడుక్కో" అని అమ్మ కంచం నా ముందే వదిలేసి పోయేది.

ఇక మరదలి సంగతి. కొమరోలు పక్కన అమ్మ పుట్టిన పల్లెలో పుల్లయ్య మామ ఉన్నాడు. ఆయన అమ్మకు సొంత పెదనాన్న కొడుకు, అంటే అన్న. ఆయన కూతురు శిరీష నాకు మరదలు. నాకు ఆ పిల్లంటే ప్రాణం. తనకీ నేనంటే ఇష్టమేనని ఒట్టేసి చెప్పగలను, ఎందుకంటే వాళ్ళ చేలో కాసిన మొదటి దోసకాయ ప్రతిసారీ నాకే వచ్చేది. పెళ్ళికి అందరూ సరేనన్నారు. పుల్లయ్య మామ ఒక్కడే నసిగేవాడు.

"ఏం చదువుతుండావ్ అల్లుడా?"

"సోషియాలజీ మామా. సమాజాన్ని అధ్యయనం చేసే శాస్త్రం."

"సమాజాన్ని చూసేదానికి కాలేజీ ఎందుకు? మా అరుగు మీద కూచుంటే కనపడదా? మూడు బోర్లు ఎండిపోయినాయి నాకు. కనీసం నాలుగో బోరు యాడ ఎయ్యాలో చెప్పే చదువైనా కాకపాయె!"

ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. సరిగ్గా అప్పుడే మా సారు ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఇచ్చారు. ఒక ఊళ్ళో బంధుత్వాలన్నీ చార్టు గీసి తేవాలి. మగవాళ్ళకు త్రికోణం, ఆడవాళ్ళకు సున్నా, పెళ్ళికి మధ్యలో రెండు గీతలు. "జనం చెప్పేది సగమేరా. దాచిందే అసలు డేటా" అన్నారు సారు. మహానుభావుడు, ఆయనకేం పోయింది!

నేను మామ ఊరినే ఎంచుకున్నాను. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి తావు లేదన్నట్టు, నా చార్టులో గీత గీయడానికి తావు లేకపోయింది. నాలుగు చార్టులు అతికించాను. అమ్మను కన్న మా అవ్వ అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఒక్కచోట మాత్రం ఆగింది.

"అవ్వా, పుల్లయ్య మామ భార్య లక్ష్మీదేవత్త పుట్టిల్లు?"

"పొదిలోళ్ళు. రాసుకో."

"వాళ్ళ నాయన పేరు?"

"పొదిలోళ్ళని చెప్పినా కదరా! ఆ గీత ఆడికే ఆపు నాయనా. అన్ని గీతలూ గియ్యగూడదు."

బుద్ధున్నవాడైతే ఆపేవాడు. నేను పొదిలి బస్సెక్కాను. అక్కడ లక్ష్మీదేవత్తను పెంచిన మేనమామ ఇంటి పక్కన ఒక ముసలాయన దొరికాడు. రెండు టీలు తాగి మొత్తం చెప్పేశాడు. అత్త పెరిగింది పొదిలిలోనే గానీ, అత్తను కన్నతండ్రి మా అవ్వకు సొంత చిన్నాయన! గట్టు తగాదాతో ఊరొదిలి పొదిలి చేరినాయన. అంటే అత్త మా అవ్వకు చెల్లెలు. ఆహా! దాచిన డేటా! బస్టాండులోనే చార్టు మోకాళ్ళ మీద పరిచి, ఎర్ర స్కెచ్చుపెన్నుతో గీత గీశాను. గీశానే గానీ, ఆ గీత పట్టుకుని నాలుగడుగులు నడిచి చూడలేదు వెధవను.

మామ నసుగుతూనే సరేనన్నాక, మాటలు ఖాయం చేసుకునే రోజు చార్టు చుట్టి చంకలో పెట్టుకుని బయలుదేరాను. వాకిట్లోనే శిరీష అడ్డం వచ్చింది.

"అదేంది?"

"నా ప్రాజెక్టు. మీ నాయనకు సోషియాలజీ అంటే ఏందో ఈ రోజు చూపిస్తా."

"నీకు దండం పెడతా, అది బస్సులోనో యాడన్నా మర్చిపోయినానని చెప్పు. కూచో, కాఫీ తాగు, తల ఊపు. అంతే నీ పని."

వినలేదు. విని ఉంటే మీకు ఈ కథ చెప్పే బాధ ఉండేది కాదు.

పద్నాలుగు మంది చుట్టాల మధ్య చాప మీద చార్టు పరిచాను. మామ ముఖం వెలిగింది. "నాయన పేరు ఉంది, జేజినాయన పేరు ఉంది! పర్వాలేదే అల్లుడి చదువు!" అన్నాడు. మా అవ్వ మాత్రం ఆ ఎర్ర గీతను చూసి దగ్గడం మొదలుపెట్టింది. నేను మంచినీళ్ళు ఇచ్చాను. తాగకుండా నా కాలు తొక్కింది.

"మామా, ఇది అసలు పరిశోధన" అంటూ గీత మీద వేలు పెట్టాను. "లక్ష్మీదేవత్త పొదిలోళ్ళ పిల్ల కాదు. మా అవ్వకు చిన్నాయన కూతురు! అంటే చెల్లెలు!"

మా నాయన మంచివాడు. పలకల ఫ్యాక్టరీలో జీవితమంతా లెక్క తప్పకుండా పలకలు పేర్చినవాడు. ఆయన నిదానంగా లెక్కేసుకుని, పైకే అన్నాడు: "మీ అవ్వకు చెల్లెలంటే మీ అమ్మకు పిన్నమ్మ. మీ అమ్మకు పిన్నమ్మ అంటే పుల్లయ్యకు గూడా పిన్నమ్మే గదా. అంటే మా బామ్మర్ది పిన్నమ్మను పెండ్లి చేసుకున్నాడా?"

లక్ష్మీదేవత్త చేతిలో అడకత్తెర ఆగిపోయింది. అక్కడైనా నేను నోరు మూసుకోవాలా, వద్దా? చెప్పండి. కానీ డేటా దొరికినవాడి ఆనందం మీకు తెలియదు.

"అంతే కాదు నాయనా! అత్త అమ్మకు పిన్నయితే, శిరీష అమ్మకు చెల్లెలు! అంటే నాకు..."

"చెప్పు" అన్నాడు పుల్లయ్య మామ, పై పంచె దులుపుతూ. "ఆపినావేంది? నీకు ఏమయితాదో నీ నోటితోనే చెప్పు."

"పిన్ని" అన్నాను.

తలుపు వెనక నుంచి శిరీష లోపలికి వెళ్ళిపోయింది. ఆ గాజుల చప్పుడు నాకింకా వినపడుతుంది. నిజం చెబుతున్నాను, అప్పుడు ఏడుపొచ్చింది.

తిరుగు బస్సులో మాతో వచ్చిన అవ్వ నా నెత్తిన మొట్టింది. "ఇరవై అయిదేండ్లు ఊరంతా కలిసి మింగిన సంగతిరా అది. మీ తాత వైపు నుంచి చూస్తే ఒకటి, నా వైపు నుంచి చూస్తే ఒకటి. పనికొచ్చే వైపు నుంచి చూడాల. వరస అనేది ఉండదురా, కలుపుకుంటారు."

"మరి నాకు ముందే చెప్పొచ్చు కదా అవ్వా!"

"చెప్తే రాసుకుంటావు గదరా!"

ప్రాజెక్టుకు క్లాసులో నాదే మొదటి స్థానం. సారు ఆ చార్టును జూనియర్లకు చూపించి, "ఫీల్డ్‌వర్క్ అంటే ఇదీ" అన్నారట. శిరీష ఫోను చేసింది. "ఫస్టొచ్చినావంట. సంతోషం" అని పెట్టేసింది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

మరుసటేడు పుల్లయ్య మామ నుంచి కబురొచ్చింది, చార్టు తీసుకుని రమ్మని. వెళ్ళాను. "గిద్దలూరు సంబంధం. ఇంగో సారి నా పరువు పోయేదానికి లేదు. వరస కలుస్తాదో లేదో నువ్వే చూడు, సోషియాలజీ!" అన్నాడు. మూడు రోజులు కూర్చుని, దేవుళ్ళందరికీ మొక్కి, ఏ మూలైనా ఒక్క తప్పు గీత దొరుకుతుందేమోనని వెతికాను. ఆరు దారుల్లో చూసినా ఆ పెళ్ళికొడుకు శిరీషకు బావే అయ్యాడు. నా చేత్తోనే "కలిసింది మామా" అని రాసిచ్చాను.

పెళ్ళిలో భోజనాల పంక్తిలో తలొంచుకుని కూర్చున్నాను. నాకన్నా రెండేళ్ళు చిన్నదైన పెళ్ళికూతురు, భర్తను వెంటబెట్టుకుని అందరినీ పలకరిస్తూ నా దగ్గర ఆగింది. నా విస్తరి చూసి, భర్తతో "మా అక్క కొడుకు. బాగా చదువుకున్నాడు" అని, నావైపు తిరిగింది.

"ఇంగో బూరె ఏయించుకో కొడుకా. పిన్ని పెండ్లిలో మొగమాటపడొచ్చా?"

బూరె గొంతులోనే ఉండిపోయింది. ఈ రోజుకీ దిగలేదు.

అందువల్ల సకల చుట్టాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఎవరికి ఏమవుతారని ఎవరినీ అడగను. బస్సులో పక్క సీటాయన "మనం మనం చుట్టాలం" అన్నా, ఊరు రాకముందే దిగి నడుస్తాను. ఎర్ర స్కెచ్చుపెన్ను ఈ జన్మలో ముట్టను.

మా పిన్ని మీద ఒట్టు.