సముద్రం వైపు కంచె లేదు

అన్ఫే రేవులో అద్లా నోటికి జడవనివాడు లేడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, భుజాలు మాత్రం పడవలు లాగేవాళ్లవి. ఒడ్డున రాతిలో తొలిచిన పదకొండు ఉప్పుమడులు ఆవిడవి. వాటిని తొలిచింది పూర్వకాలపు ఓడవర్తకులు ఫినీషియన్లని బడిలో చెబుతారు. అద్లాకి వాళ్లమ్మ చెప్పింది మాత్రం ఒక్కటే: మడిని ఎండనివ్వకు, ఎండితే రాయి పగులుతుంది. అంతే, పెళ్లయిన మర్నాడు కూడా మడుల్లోనే ఉంది. యుద్ధం రోజుల్లో ఊరు సగం ఖాళీ అయినా బకెట్టు కింద పెట్టలేదు.

ఆ ఆగస్టులో, సరిగ్గా ఉప్పు తేలే వారం, పట్నం నుంచి ఫాయెక్ అనే పురావస్తు శాఖ ఆఫీసరు దిగాడు.

"ఇవి మూడువేల ఏళ్లనాటివమ్మా. ఇకమీద ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాడు మర్యాదగానే.

"ముట్టుకోకపోతే మూడువేల ఏళ్లు ఎలా ఉన్నాయనుకున్నావు?"

"మీకు కుర్చీ వేయిస్తాం. చూడ్డానికొచ్చేవాళ్ల ముందు పాతకాలం బట్టలు కట్టుకుని కూర్చుంటే చాలు, జీతం ఇస్తాం."

"అంటే నన్నూ రాళ్లలో కలిపేశావన్నమాట. మరి ఉప్పెవరు తీస్తారు, నీ కుర్చీ తీస్తుందా?"

చెడ్డవాడేం కాదు పాపం, చేతిలో కాగితం ఉన్నవాడికి చెవులు పనిచెయ్యవు, అంతే. రెండ్రోజుల్లో కంచె లేచింది, గేటుకి తాళం పడింది. బోర్డు కూడా పెట్టారు: 'ఒకప్పుడు ఇక్కడ ఉప్పు పండించేవారు.'

అద్లా గడపలో కూర్చుని ఏడ్చింది. కోపంతో ఏడ్చింది. ఇంకో నాలుగు రోజులు నీళ్లు పొయ్యకపోతే మడులు పగుళ్లిస్తాయి. అమ్మ చేతిలో బతికినవి తన చేతిలో చస్తాయా?

"పోనీలే అద్లా, ఈ ఏడాదికి కాస్త విశ్రాంతి తీసుకో" అన్నాడు పక్కింటి జాలరి మిత్రీ.

"విశ్రాంతి నీ వలకియ్యి. కంచె నేల వైపే వేశారు, చూశావా? సముద్రానికి కంచె వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. పడవ తియ్యి."

"పట్టుకుంటారే తల్లీ."

"పట్టుకోనీ. ఏం దొంగిలించానని రాస్తారు, సముద్రాన్నా?"

ఇక రోజూ తెల్లవారగానే మిత్రీ పడవ దిగి, నడుములోతు నీళ్లలో నడిచి, రాళ్లెక్కేది. నీళ్లు తోడి పోసేది. చిక్కబడ్డ నీటిని మడి నుంచి మడికి మార్చేది. తేలిన ఉప్పుని చెక్కతో లాగి కుప్ప పోసేది.

ఆదివారం ఫాయెక్ ఓ పదిమంది సందర్శకుల్ని వెంటబెట్టుకొచ్చి బోర్డు చదవడం మొదలుపెట్టాడు. "ఒకప్పుడు ఇక్కడ..." అని ఆగిపోయాడు. కంచెకి అవతల తెల్లటి కుప్పలు. వాటి మధ్య, పావడా ఎగదోపుకుని అద్లా.

ఆవిడ తాపీగా వచ్చి, తీగల సందులోంచి అతని అరచేతిలో గుప్పెడు తడి ఉప్పు పోసింది.

"ఒకప్పటిది కాదు నాయనా, బుధవారంది. నాలిక మీద వేసుకుని చూసి, ఆ తర్వాత బోర్డు దిద్దుకో."

ఫాయెక్ అందరి ముందూ నాలిక మీద వేసుకున్నాడు. రెండో చెయ్యి జేబులో గేటు తాళంచెవి కోసం వెతికింది.

అద్లా దానికోసం ఆగలేదు. ఏడో మడిలో నీళ్లు తగ్గాయి. బకెట్టు పట్టుకుని సముద్రం వైపు వెళ్లిపోయింది.