ఆరువందల చోట సున్నా

సదానందం పుట్టింది సిరిసిల్లలో, పెరిగింది సూరత్‌లో. తండ్రి కనకయ్య మరమగ్గాల మీద, అంటే వాళ్ల భాషలో సాంచాల మీద, నిలబడీ నిలబడీ కాళ్ల నరాలు ఉబ్బిపోయిన మనిషి. కొడుకు మాత్రం కూర్చుని చేసే పని చెయ్యాలని ఆయన పంతం. గుజరాతీ మీడియంలో పదో తరగతి, అమ్రోలీలో కంప్యూటర్ క్లాసు, ఆపైన ఖటోదరాలో ఒక డైయింగ్ మిల్లు హెడ్డాఫీసులో కుర్చీ. పంతం నెగ్గింది.

మిల్లు సూరత్ బయట పల్సానాలో ఉంది. ఏ చీరకు ఏ రంగు ఎంత కలపాలో ఆ పాళ్లన్నీ ఖటోదరా సర్వర్‌లో ఉంటాయి. పల్సానాలో ఉన్న డైయింగ్ మాస్టర్ అక్కడినుంచే తన పేరుతో లాగిన్ అయి, వాటిని మిషన్లకు పంపుతాడు. ఆ సర్వర్‌కు కాపలా సదానందం.

వెనకటికి ట్రంకు కాల్‌లో మూడు నిమిషాలు కాగానే ఆపరేటరమ్మ మధ్యలో దూరేది. అందరూ విసుక్కునేవాళ్లే. కానీ మనిషి లేచిపోయినా లైను ఊరికే పడి ఉండకుండా చూసింది ఆ గొంతే. సర్వర్‌లో ఆమె పని ఒక అంకె చేస్తుంది: ఆరువందలు. ఆరువందల సెకన్లు, అంటే పది నిమిషాలు కీబోర్డు మీద వేలు పడకపోతే, ఎదురుగా ఎవరూ లేరనుకుని లాగిన్‌ను తెంపేస్తుంది.

ఆ పది నిమిషాలే మాస్టర్ బుచ్చిరాములుకు శత్రువులయ్యాయి. ఆయనదీ సిరిసిల్లలో సదానందం వాళ్లుండే వాడే. కనకయ్యను సూరత్ రైలెక్కించింది కూడా ఆయనే. రంగును కంటితో చూసి, గోటితో గీరి చెప్పగలడు. కీబోర్డు దగ్గర మాత్రం ఒంటి వేలి మనిషి.

"ఏందిరా సదా, గీ డబ్బా! మిషన్ కాడ బట్ట తాను చూసొచ్చేటాలకు బయటికి ఎల్లగొట్టింది. సగం కొట్టిన లెక్కంత పాయె."

"మళ్ల పాస్‌వర్డ్ కొట్టు మామా."

"ఆ పాస్‌వర్డ్ పెట్టినోని చెయ్యి ఇరగ! ఒకటి పెద్దక్షరమట, ఒకటి చిన్నక్షరమట, నడుమ డాలరట. నేనేమన్న తిజోరీ తెరుస్తున్ననా? నీలిరంగు కలుపుతున్న."

వారం రోజులు ఈ పంచాయతీ విని, ఒక సోమవారం సదానందం ఆరువందలు చెరిపి సున్నా పెట్టాడు. సున్నా అంటే ఇక ఎప్పటికీ తెగదు. నిమిషం పని. ఎవరినీ అడగలేదు, ఎక్కడా రాసిపెట్టలేదు. "సెట్ చేసిన మామా, ఇగ నిన్ను ఎల్లగొట్టది" అన్నాడంతే.

సాంచాల మీద బతికినవాళ్లకు ఒక అలవాటుంది. షిఫ్టు మారేటప్పుడు సాంచా ఆపరు, నడుస్తుండగానే చేతులు మారతాయి. దిగేవాడు బట్ట అంచున పెన్సిల్‌తో గీత గీసి తన నంబరు రాస్తాడు. గీతకు ఇవతల తప్పుంటే వాడిది, అవతల ఉంటే వచ్చినవాడిది. బుచ్చిరాములు లాగిన్‌ను కూడా అట్లాగే, నడుస్తున్న సాంచాలాగా, వదిలి వెళ్లడం మొదలుపెట్టాడు. పగటి షిఫ్టుకు వచ్చే రాంప్రసాద్ ఆ తెరిచిన లాగిన్ మీదనే కూర్చునేవాడు. వాళ్లకది మర్యాద. కాకపోతే తెర మీద గీత గీసే చోటు లేదు.

రెండు వారాల తర్వాత ఒక మంగళవారం పొద్దున బుచ్చిరాములు ఎనిమిదింటికి వెళ్లిపోయాడు. ఎనిమిదీ నలభైకి రాంప్రసాద్ ఎరుపు రంగు పాళ్లు మారుస్తూ అంకెల నడుమ దశాంశ చుక్క మరిచాడు. చిలకపచ్చ రావలసిన తాన్లన్నీ బురదరంగులో దిగాయి. సర్వర్ రికార్డులో పేరు బుచ్చిరాములుది.

మేనేజర్ భానుప్రకాశ్ రాజమండ్రి మనిషి, లెక్క తెలిసినవాడు. సదానందాన్ని పిలిచి ఆ లెక్కే చెప్పాడు.

"మాస్టర్ వెళ్లిన పది నిమిషాలకు లాగిన్ తెగిపోవాలి కదయ్యా. నలభై నిమిషాల తర్వాత అదే పేరుతో మార్పు జరిగిందంటే, పాస్‌వర్డ్ ఎవడికో ఇచ్చాడన్నమాట. రంగుల పాళ్లు పక్క మిల్లుకు పోతున్నాయేమోనని శేఠ్‌గారికి అనుమానం. శుక్రవారం తేల్చేస్తాం."

సదానందం తలూపి బయటికొచ్చాడు. తలెందుకు ఊపాడో తనకే తెలియలేదు. పాళ్లు అమ్ముకున్నాడన్న పేరొస్తే ఆ మాస్టర్‌ను పల్సానాలో ఏ మిల్లూ గేటు దాటనివ్వదు. రాంప్రసాద్‌కు ఫోన్ చేస్తే, "నాకేమెరుక అన్నా, పిల్లలున్నోణ్ణి" అని పెట్టేశాడు.

గురువారం సాయంత్రం కోసాడ్ కాలనీలో బుచ్చిరాములు ఇంటికి వెళ్లాడు. ఆయన చాప మీద కూర్చుని గోళ్లలో దిగిన నీలం చూసుకుంటున్నాడు.

"నేను సెట్ చేసిన్నని చెప్పలేదా మామా?"

"అడిగితే గద."

"నిన్న శేఠ్ పిలిపిచ్చి అడిగిండు కదా!"

"గుజరాతీల అడిగిండు. నాకు సమజ్ కాలే."

లోపలినుంచి ఆయన భార్య లలితమ్మ చాయ్ తెచ్చి ఠపీమని పెట్టింది. "ముప్పై ఏండ్ల సంది కూరగాయల కాడ బేరం గుజరాతీలనే. నిన్న ఒక్కనాడే మరిచిండు నీ మామ. ఎందుకు మరిచిండో నీకు ఎరుక లేదా బిడ్డా?"

సదానందం చాయ్ అట్లాగే వదిలి లేచాడు.

శుక్రవారం పదింటికే భానుప్రకాశ్ ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "లాగిన్ తెగలేదు సార్. తెగకుండా సున్నా పెట్టింది నేను. మామ ఎవరికీ పాస్‌వర్డ్ ఇయ్యలేదు, ఆయనకే సరిగ్గ కొట్టరాదు. సున్నా పెట్టిన తారీఖు సర్వర్‌లనే ఉంది, చూడండి."

భానుప్రకాశ్ చూశాడు. "దొంగతనమైతే అర్థం చేసుకునేవాణ్ణి. కాపలా ఉండమంటే తలుపే పీకేశావు" అన్నాడు. బుచ్చిరాములు మీద మాట తీసేశారు. సదానందం చేత ఆ సున్నా చెరిపించి ఆరువందలు పెట్టించి, ఆ వెంటనే అతని లాగిన్ మూసేశారు. సోమవారం నుంచి పల్సానా గోదాములో తాన్ల లెక్క. నిలబడి చేసే పని. కనకయ్యకు ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి గోదాముకు పోతూ రంగుల గదిలోకి తొంగిచూశాడు. రాంప్రసాద్ గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డాడు. బుచ్చిరాములు షిఫ్టు అయిపోయినా తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంటికి పోవా మామా?"

"ఎట్ల మూసుడో సూపిచ్చిన్రు గని, మూసిన్ననుకొని తెరిచి పోతనేమోనని భయమైతాంది. అదే తెగనియ్యి. సూసి పోత."

సదానందం కూడా గోడకానుకుని నిలబడ్డాడు. పది నిమిషాలు ఇంత పొడుగని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. చివరికి తెర మీద ఆయన పేరు పోయింది.

"తెగింది" అన్నాడు బుచ్చిరాములు. లేచి, రాంప్రసాద్‌కు కుర్చీ వదిలి, టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచాడు.